స్విచ్‌కి వైరే లేదు, మరి నేను విన్నదేమిటి?

ప్రశ్న: నేను గుంటూరులో ఒక చర్చి బ్యాండ్‌లో గిటార్ వాయిస్తాను. అమెరికా నుంచి తిరిగొచ్చేసిన మా బావ తన సామానుతో పాటు ఒక పాత ట్యూబ్ యాంప్ (గాజు ట్యూబులతో నడిచే గిటార్ యాంప్లిఫైయర్) తెచ్చి నాకిచ్చాడు. మన 230 వోల్టుల్ని 110కి దించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాను. దాని వెనక ప్యానెల్ మీద గ్రౌండ్ అని రాసి ఉన్న చిన్న స్విచ్ ఒకటి ఉంది. దాన్ని ఎడమవైపు వేస్తే టోన్ వామ్‌గా, అంటే వెచ్చగా, మెత్తగా వస్తుందని మా బ్యాండ్‌లో పెద్దవాడు, మాకందరికీ వాయించడం నేర్పిన అన్న చెప్పాడు. వేసి చూస్తే నిజంగానే వచ్చింది. అప్పటినుంచి ప్రతి ఆరాధనకి ముందు దాన్ని ఎడమకి వేసే వాయించాను. మొన్న వాల్యూమ్ నాబ్ గరగరలాడుతోందని మెకానిక్‌కి ఇస్తే, విప్పి చూసి ఆ స్విచ్ వెనక ఒక్క వైరు కూడా లేదని ఫోటో పంపాడు. ఎవరో ఎప్పుడో తీసేశారట. ఫోటో చూసి బ్యాండ్‌లో తమ్ముళ్లు ఒకటే నవ్వు. ఇప్పుడు ఎడమకి వేసినా ఆ వామ్ టోన్ రావడం లేదు. ఏ సౌండ్ విన్నా నమ్మకం కుదరడం లేదు. నా చెవులు పనికిరానివా? అన్నకి ఈ సంగతి చెప్పాలా, వద్దా?

సమాధానం: మీ చెవులకి ఏమీ కాలేదు. ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో కింద వివరంగా చెబుతాను. కానీ మీరు అడగని విషయం ఒకటుంది. అది టోన్ కన్నా ముఖ్యం కాబట్టి ముందు అదే చెబుతాను. ఆ స్విచ్‌కి వైరు లేకపోవడం మీ అదృష్టం.

ఒకప్పుడు అమెరికా ఇళ్లలో ప్లగ్‌కి రెండే పిన్నులుండేవి, ఎర్త్ పిన్ ఉండేది కాదు. ప్లగ్‌ని ఎటు తిప్పి పెట్టినా సాకెట్‌లో దిగేది. కాబట్టి యాంప్‌లోకి వచ్చే రెండు వైర్లలో ఏది ఫేజో, ఏది న్యూట్రలో చెప్పడానికి లేదు. యాంప్ లోపలి లోహపు ఛాసిస్‌కే మీ గిటార్ తీగలు కూడా కేబుల్ ద్వారా కలిసి ఉంటాయి. ఆ ఛాసిస్‌కి ఎర్త్ లేకపోతే గుయ్‌మని హమ్ వస్తుంది. దాన్ని తగ్గించడానికి 1950లు, 60ల నాటి యాంప్‌లలో కరెంటు వైరుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ వేసేవారు. ఎక్కువగా 0.047 మైక్రోఫారడ్‌ది. గ్రౌండ్ స్విచ్ చేసే పనల్లా ఆ కెపాసిటర్‌ని ఒక కరెంటు వైరు నుంచి రెండో వైరుకి మార్చడమే. ఒకవైపు హమ్ ఎక్కువుంటే రెండోవైపు తక్కువుండేది. పాడేటప్పుడు మైక్ పెదవికి తగిలి చురుక్కుమంటే, స్విచ్ అటు తిప్పి చూసేవారు. అంటే వైర్లన్నీ ఉన్న రోజుల్లో కూడా దానికీ టోన్‌కీ సంబంధం లేదు.

ఆ కెపాసిటర్ బాగున్నంతకాలం దాని గుండా పారేది ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లే. అది షార్ట్ అయిన రోజున మాత్రం ఛాసిస్, దానితో పాటు మీ వేళ్ల కింద ఉన్న తీగలు, నేరుగా మెయిన్స్‌కి కలిసిపోతాయి. యాంప్‌లు బాగుచేసేవాళ్లు దాన్ని డెత్ క్యాప్ అని పిలిచేది అందుకే. మూడు పిన్నుల ప్లగ్ వచ్చి, ఛాసిస్ ఎర్త్‌కి కలిశాక ఆ కెపాసిటర్‌తో అవసరం తీరిపోయింది. పాత యాంప్ చేతికి రాగానే మంచి మెకానిక్ మూడు పిన్నుల వైరు వేసి, డెత్ క్యాప్ పీకేస్తాడు. స్విచ్ కూడా తీస్తే ప్యానెల్‌లో కన్నం మిగులుతుంది కాబట్టి దాన్ని అలాగే వదిలేస్తాడు. మీ యాంప్‌కి జరిగింది దాదాపు ఇదే అయ్యుంటుంది. పాత మోడళ్లను ఇప్పుడు మళ్లీ తయారుచేసి అమ్మే యాంప్‌లలో కూడా, వెనక ప్యానెల్ అచ్చం పాతదానిలా కనిపించాలని, ఏ పనీ చేయని గ్రౌండ్ స్విచ్ పెట్టినవి ఉన్నాయి. కాబట్టి మీది ఎవరూ చూడని వింత కాదు.

ఇప్పుడు మీ మెకానిక్‌ని ఇంకో పని అడగండి. ప్లగ్ ఎర్త్ పిన్ నుంచి ఛాసిస్ స్క్రూ దాకా మల్టీమీటర్ పెట్టి కంటిన్యుటీ, అంటే మధ్యలో తెగకుండా కలిసి ఉందో లేదో చూడమనండి. తర్వాత స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌ని చూడమనండి. మన దగ్గర దొరికే వాటిలో చాలావాటికి అవుట్‌పుట్ వైపు రెండు పిన్నుల సాకెట్టే ఉంటుంది. అలాంటప్పుడు యాంప్‌కి మూడు పిన్నుల వైరు ఉన్నా ఎర్త్ అక్కడే ఆగిపోతుంది. పైగా వాటిలో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. అంటే 110 వోల్టుల వైపు, 230 వోల్టుల వైపు వేరువేరు చుట్లు ఉండవు, ఒకే చుట్టలోంచి మధ్యలో తీగ తీస్తారు. గోడ సాకెట్‌లో ఫేజూ న్యూట్రలూ తారుమారైతే, అవుట్‌పుట్ రెండు వైర్ల మధ్య 110 వోల్టులే కనిపించినా, ఎర్త్‌తో పోలిస్తే ఒక వైరు 230 వోల్టుల్లో ఉండొచ్చు. ఆ పరిస్థితిలో డెత్ క్యాప్ కూడా ఉండుంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఎర్త్ సరిగ్గా వెళ్లే త్రీ పిన్ అవుట్‌పుట్, రెండు వేరు చుట్లు ఉన్న ఐసోలేషన్ రకం ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. బరువెక్కువ, ధరెక్కువ. అయినా కొనండి.

హమ్ వస్తోందని ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, టూ పిన్ కన్వర్టర్ పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. 1972లో స్టోన్ ది క్రోస్ అనే స్కాట్లండ్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ, వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజీ మీద ఎర్తింగ్ లేని మైక్ తగిలి చనిపోయాడు. గిటార్ తీగలు ఎడమ చేతిలో, మైక్ పెదవి దగ్గర, వాటి మధ్య మన గుండె. ఈ సంగతి తెలియని సౌండ్‌వాళ్లు మన పందిళ్లలో ఇంకా ఉన్నారు. హమ్ తగ్గాలంటే యాంప్, మిక్సర్, కీబోర్డ్ అన్నీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకునేలా చూడండి. డీఐ బాక్స్ (గిటార్, కీబోర్డ్ సౌండ్‌ని మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్ ఉంటుంది. అది తెంపేది ఆడియో కేబుల్ గ్రౌండ్‌ని మాత్రమే, కరెంటు ఎర్త్‌ని కాదు. పేరు దాదాపు ఒకటే అయినా ఆ స్విచ్ నిజంగా పనిచేస్తుంది, వాడినా ప్రమాదం లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. వైరు లేని స్విచ్ వేస్తే సౌండ్ ఎలా మారింది?

మీరు ఆ స్విచ్ వేయడానికి ఏం చేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అది వెనక ప్యానెల్ మీద ఉంది. అంటే వాయిస్తున్న చోటు నుంచి కదిలి, యాంప్ వెనక్కి వెళ్లి, వంగి, స్విచ్ వేసి, మళ్లీ ముందుకొచ్చి నిలబడ్డారు. నిలబడింది సరిగ్గా పాత చోటేనా? గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ బేస్‌ని గది అంతా చల్లుతుంది, ట్రెబుల్‌ని మాత్రం టార్చి లైటులా సూటిగా ముందుకే వేస్తుంది. ఆ వరసలో చెవి ఉంటే సౌండ్ పదునుగా గుచ్చుకుంటుంది. ఒక్క అడుగు పక్కకి జరిగినా, కూర్చున్నవాళ్లు లేచి నిలబడినా అదే సౌండ్ మెత్తబడుతుంది. మీరు విన్న వామ్ టోన్‌లో ఇది కొంత ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇందులో భ్రమ లేదు. గాలిలో మీ చెవి దాకా వచ్చిన శబ్దమే మారింది, కాకపోతే స్విచ్ వల్ల కాదు.

ఇంతకన్నా పెద్ద కారణం మీ కుడి చేయి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని చూసి నవ్వినవాళ్లు కూడా ఇది ఆలోచించి ఉండరు.

మందని నమ్మి మందు లేని మాత్ర మింగినప్పుడు రోగి చేసేదేమీ లేదు, మింగి ఎదురుచూడటమే. గిటార్ అలా కాదు. వాయించేవాడు కూడా ఆ సర్క్యూట్‌లో ఒక భాగం. టోన్ మెత్తగా ఉంటుందని నమ్మి వాయించే చేయి మెత్తగానే పడుతుంది. పిక్‌ని కొంచెం ఏటవాలుగా పట్టుకుంటుంది, తీగలు బిగించి ఉండే బ్రిడ్జి దగ్గర్నుంచి గిటార్ మెడ, అంటే నెక్ వైపు జరుగుతుంది, నోటు పూర్తిగా మోగేదాకా ఆగుతుంది. బ్రిడ్జికి దగ్గరగా మీటితే తీగలో పై హార్మోనిక్స్ ఎక్కువ కదిలి సౌండ్ పదునెక్కుతుంది, నెక్ వైపు మీటితే గుండ్రంగా వస్తుంది. అందులోనూ మీది ట్యూబ్ యాంప్. కొంచెం వాల్యూమ్ పెంచి, క్లీన్‌కీ డిస్టార్షన్‌కీ సరిహద్దులో పెట్టుకున్న ట్యూబ్ యాంప్ పిక్ బలంలో చిన్న తేడాని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. కాబట్టి స్విచ్ ఎడమకి వేసి మీరు వాయించిన ఆదివారాల్లో, స్విచ్ గురించి ఏమీ తెలియని వెనక వరస పెద్దావిడకి కూడా సౌండ్ నిజంగానే వెచ్చగా వినిపించి ఉండొచ్చు. రికార్డు చేసి ఉంటే రికార్డింగులో కూడా దొరికేదేమో. మీరు విన్నది ఉంది. దానికి కారణం అనుకున్నదే తప్పు.

ఇప్పుడు ఆ సౌండ్ ఎందుకు రావట్లేదో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. ఫోటో చూసినప్పటినుంచి మీరు సంగీతం వినడం మానేసి, తేడా ఉందా లేదా అని వెతుకుతూ వాయిస్తున్నారు. అనుమానంతో పడే చేయి బిగుసుకుపోతుంది. యాంప్ ఆ బిగువును అంతే నిజాయితీగా వినిపిస్తుంది.

ఇవి కాక మూడోది ఒకటుంది, మెదడు పని. చెవిలోకి వచ్చిన శబ్దం చెవిలోనే వినబడదు. కళ్లు చూసింది, పెద్దలు చెప్పింది, ముందే తెలిసింది అన్నీ కలిశాకే మనం విన్నామంటాం. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని ఒక వీడియోతో చూపించారు. బ అనే శబ్దం వినిపిస్తూ, తెర మీద గ అంటున్న పెదవులు చూపిస్తే, చాలామందికి ఆ రెండూ కాకుండా డ వినిపిస్తుంది. కళ్లు మూసుకుంటే మళ్లీ బ. రహస్యం తెలిశాక చూసినా డ గానే వినిపిస్తుంది. నాకు ఇందులో నచ్చే సంగతి అదే: దీనికి తెలివి తక్కువతనంతో పనిలేదు, చెవి బాగా పనిచేసేవాళ్లకి కూడా ఇలా జరుగుతుంది.

సంగీతకారుల విషయానికి వస్తే వయొలిన్ పరీక్షలు ఇంకా సూటిగా మాట్లాడతాయి. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్ అనే పరిశోధకురాలు, వయొలిన్ తయారుచేసే జోసెఫ్ కర్టిన్ కలిసి 21 మంది అనుభవం ఉన్న వయొలినిస్టులకి ఆరు వయొలిన్లు ఇచ్చారు. మూడు కొత్తవి, మిగతా మూడు ఇటలీ పాతకాలపు మేటి తయారీదారులవి: రెండు స్ట్రాడివేరియస్‌వి, ఒకటి గ్వార్నేరి చేసింది. పాతవి కోట్ల విలువ చేసేవి. వాయించేవాళ్ల కళ్లకి నల్ల అద్దాలు పెట్టి, గదిలో వెలుతురు తగ్గించారు. ఏది కొత్తదో, ఏది పాతదో వాళ్లు చెప్పలేకపోయారు. ఎక్కువమంది ఇంటికి తీసుకెళ్తామన్నది కొత్త వాటినే. అందరిలోకీ తక్కువ నచ్చింది ఒక స్ట్రాడివేరియస్. ఈ ఫలితం 2012లో అచ్చయింది. ఆ 21 మందినీ చెవులు లేనివాళ్లు అనగలమా? స్టూడియోల్లో మిక్సింగ్ చేసేవాళ్లని అడిగి చూడండి. ఈక్వలైజర్ బైపాస్‌లో ఉందని, అంటే సౌండ్ దాని గుండా వెళ్లడం లేదని తెలియక నాబ్ తిప్పుతూ, ఇప్పుడు గొంతు బాగా తేటపడింది అనుకోవడం ఆ వృత్తిలో రోజూ జరిగే పని. అందుకే మంచి ఇంజినీర్లు ప్రతి మార్పునీ బైపాస్ వేసి మళ్లీ వింటారు. అది వాళ్ల క్రమశిక్షణ, దాన్ని మీరూ నేర్చుకోవచ్చు.

అలాగని ఈ ఫోటో చూశాక యాంప్ మీద స్విచ్‌లన్నీ ఉత్తవే అనే రెండో తప్పులో పడకండి. కొన్ని సగం పనిచేస్తాయి. బ్రైట్ స్విచ్‌ని తీసుకోండి. ఫెండర్ కంపెనీ పాత ట్విన్ లాంటి యాంప్‌లో అది వాల్యూమ్ నాబ్ మీదుగా 120 పికోఫారడ్ కెపాసిటర్‌ని కలుపుతుంది. నాబ్ తక్కువలో ఉన్నప్పుడు ట్రెబుల్ ఆ కెపాసిటర్ గుండా దొంగదారిన వెళ్లిపోతుంది, తేడా స్పష్టంగా వినబడుతుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ ఆ దొంగదారితో అవసరం తగ్గుతుంది. నాబ్ చివరిదాకా తిప్పితే స్విచ్ ఎటున్నా ఒకటే. ఇంట్లో మెల్లగా వాయించేవాడు అది బ్రహ్మాండంగా పనిచేస్తుందంటాడు, స్టేజీ మీద గట్టిగా వాయించేవాడు అసలు పనిచేయదంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

స్టాండ్‌బై స్విచ్ కథ వేరు. అది నిజంగా పనిచేస్తుంది, హై వోల్టేజీని ఆపుతుంది. దాని గురించి చెప్పే కారణమే నిలబడదు. ట్యూబులు వేడెక్కకముందే హై వోల్టేజీ ఇస్తే కేథోడ్ పొర ఊడిపోతుందని, అందుకే ముందు స్టాండ్‌బైలో ఉంచాలని గిటారిస్టులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. వేల వోల్టులతో నడిచే రేడియో ట్రాన్స్‌మిటర్ ట్యూబుల సంగతి అది. గిటార్ యాంప్‌లో సాధారణంగా ఉండేవి మూడు నాలుగు వందల వోల్టులు, కొన్నింటిలో ఐదు వందల దాకా. ఫెండర్ చాంప్ అనే చిన్న యాంప్‌కి అసలు స్టాండ్‌బై స్విచ్చే లేదు, దశాబ్దాలుగా మోగుతూనే ఉంది. మరి మార్షల్ యాంప్‌ల మీదికి ఆ స్విచ్ ఎలా వచ్చింది? 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం తమ మొదటి యాంప్ జేటీఎం45ని ఫెండర్ బేస్‌మ్యాన్ సర్క్యూట్ చూసి తయారుచేసింది. సర్క్యూట్‌తో పాటు స్విచ్ కూడా వచ్చింది. మార్షల్‌ని చూసి మిగతావాళ్లు పెట్టారు. మీరు బ్రేక్‌లో యాంప్‌ని మ్యూట్ చేయడానికి దాన్ని వాడుకోండి. గంటల తరబడి స్టాండ్‌బైలో వదిలేయకండి. వేడిగా ఉండి కరెంటు లాగకుండా చాలాసేపు ఉండటం ట్యూబు కేథోడ్‌కి మంచిది కాదు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి, కంప్యూటర్ మనుషులకి బాగా తెలిసినది. అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయపు కృత్రిమ మేధ ప్రయోగశాలలో పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్ ఉండేది. దాని పెట్టె మీద ఎవరో బిగించిన స్విచ్‌కి ఒకవైపు మ్యాజిక్ అని, రెండోవైపు మోర్ మ్యాజిక్ అని రాసి ఉంది. లోపల చూస్తే ఒకటే వైరు. ఒక్క వైరుతో ఏ స్విచ్చీ పనిచేయదు కదా అని తిప్పితే కంప్యూటర్ ఆగిపోయింది. స్విచ్ రెండో కొస పెట్టె లోహానికి తగిలి ఉండటం వల్ల, పెట్టె గ్రౌండ్‌కీ కంప్యూటర్ గ్రౌండ్‌కీ మధ్య తేడా వచ్చి అలా జరిగి ఉంటుందని తర్వాత వివరించారు. కాబట్టి ఏదైనా స్విచ్ ఉత్తదని తేల్చేముందు విప్పి, మీటర్ పెట్టి చూడాలి. మీ మెకానిక్ ఆ పని చేశాడు. ఒక్క వైరు కూడా లేదని ఫోటో ఉంది కాబట్టి మీ స్విచ్ విషయంలో వాదన లేదు.

మీ చెవుల మీద నమ్మకం తిరిగి రావాలంటే నేను నచ్చజెప్పడం చాలదు. ఒక మధ్యాహ్నం ఖాళీ చేసుకుని ఇలా చేయండి. ఒక లూపర్ పెడల్ అరువు తెచ్చుకోండి. యాంప్ ముందు దాన్ని పెట్టి మీకు బాగా వచ్చిన నాలుగు బార్లు రికార్డు చేయండి. ఇప్పుడు అదే వాయింపు, అదే చేయి మళ్లీ మళ్లీ యాంప్‌లోకి వెళుతుంది. ఒక కుర్చీ వేసుకుని, స్పీకర్‌కి వీపు కాకుండా ముఖం పెట్టి, కళ్లకి గుడ్డ కట్టుకుని కూర్చోండి, కదలకండి. బ్యాండ్‌లో తమ్ముడొకడు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఎడమ, బొరుసు పడితే కుడి చొప్పున స్విచ్ వేసి, కాగితం మీద రాసుకోవాలి. మార్చినా మార్చకపోయినా ప్రతిసారీ యాంప్ వెనక్కి వెళ్లి రావాలి, లేకపోతే అడుగుల చప్పుడు చెప్పేస్తుంది. మీరు విన్నది మీరు చెప్పండి. ఇలా 16 సార్లు. ఏమీ వినబడకుండా ఊరికే ఊహించి చెప్పేవాడికి 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా రావడం నూటికి నాలుగు సార్లు కూడా జరగదు. గ్రౌండ్ స్విచ్‌తో మీకు ఎనిమిది అటూ ఇటూ వస్తుంది. రావాల్సింది అంతే.

ఆ తర్వాత ఆపకండి. అదే పద్ధతిలో ట్రెబుల్ నాబ్‌ని 5కీ 6కీ మధ్య మార్పించుకుని వినండి. తర్వాత యాంప్‌ని నేల మీద ఒకసారి, కుర్చీ మీద ఒకసారి పెట్టించి వినండి. నేల మీదుంటే బేస్ నిండుగా వస్తుంది, ఎత్తులో పెడితే పలచబడుతుంది. వీటిని మీ చెవులు పట్టేస్తాయి. పట్టేసిన రోజున మీ ప్రశ్నకి జవాబు ఆ కాగితం మీదే ఉంటుంది. రెండు పెడల్స్‌నో, తీగల కదలికని పట్టే రెండు పికప్‌లనో పోల్చేటప్పుడు మాత్రం ముందు రెండింటి వాల్యూమ్ సమానం చేయాలి. చాలా చిన్న వాల్యూమ్ తేడా ఎక్కువ సౌండ్‌గా అనిపించదు, మంచి సౌండ్‌గా అనిపిస్తుంది. దుకాణంలో డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

వామ్ టోన్ మీకు నిజంగా కావాలి కదా, దానికి పైసా ఖర్చు లేని దారులున్నాయి. నెక్ పికప్‌కి మారండి. గిటార్ వాల్యూమ్ నాబ్ పదిలో ఉంచకుండా ఏడుకో ఎనిమిదికో దించండి, మామూలు వైరింగ్ ఉన్న గిటార్లలో దాంతో పాటే కాస్త ట్రెబుల్ కూడా తగ్గుతుంది. పొడుగు కేబుల్ వాడి చూడండి. మామూలు పికప్‌లతో కేబుల్ పొడుగయ్యేకొద్దీ దాని కెపాసిటెన్స్ పెరిగి పై అంచు మెత్తబడుతుంది, అందుకే కొందరు కావాలనే పొడుగు కేబుల్ పెట్టుకుంటారు. పిక్‌ని ఒక అంగుళం నెక్ వైపు జరపండి. ఎన్నాళ్లుగానో ఆ స్విచ్ వేసుకున్నాక మీ చేయి ఏం చేసేదో ఇప్పుడు తెలుసు కాబట్టి దాన్ని కావాలనే చేయించండి. వాయించడానికి ముందు వెనక్కి వెళ్లి, ఒక క్షణం ఆగి, వినడానికి సిద్ధపడటం కూడా మంచి అలవాటే, దాన్ని మానకండి. వెళ్లి స్విచ్‌కి బదులు ప్లగ్, ఎర్త్ సరిగ్గా ఉన్నాయో చూసుకోండి.

అన్న సంగతి. చెప్పండి, తప్పకుండా చెప్పండి. అందరి ముందు కాదు. ఆయన కళ్లకి గుడ్డ కట్టి పరీక్ష పెట్టి ఓడించే ఆలోచన ఎవరికైనా ఉంటే మీరే ఆపండి, నవ్వుతున్న తమ్ముళ్లకి ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. మీకు మీటడం నేర్పింది ఆయన. స్విచ్ ఎడమకి వేయమని చెప్పినప్పుడు కూడా ఆయన చెవి వెతుకుతున్నది మెత్తని టోన్‌నే, ఆ వెతుకులాట మీకు అంటించింది కూడా ఆయనే. ప్రాక్టీసు అయ్యాక, మిగతావాళ్లు వెళ్లాక ఫోటో చూపించి చెప్పండి: అన్నా, మెకానిక్ విప్పితే ఇది బయటపడింది, పాత రోజుల్లో దీనికి షాక్ కొట్టే కెపాసిటర్ ఉండేదట, ఎవరో మంచివాడు తీసేశాడు, మన చర్చిలో ఎర్తింగ్ ఒకసారి చూపిద్దామా. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, ఆయన్ని తక్కువ చేసే మాటా లేదు. టోన్ గురించి ఆయనే అడుగుతారు. అడిగినప్పుడు చేతి సంగతి చెప్పండి.

చెప్పకుండా ఊరుకుంటే నష్టమేమిటి, ఆయన సంతోషం ఆయనది కదా అని మీకు అనిపించొచ్చు. పాశ్చాత్య స్టూడియోల్లో, పక్కన కూర్చుని ఊరికే మార్పులు చెప్పే నిర్మాత కోసం ఏ వైరూ లేని ఫేడర్ (మిక్సర్ మీద పైకీ కిందకీ జరిపే మీట) ఒకటి ఉంచి, ఆయన దాన్ని కదిపాక ఇప్పుడు బాగుందా అని అడిగే అలవాటు గురించి ఇంజినీర్లు సరదాగా చెప్పుకుంటారు. నాకు ఆ సరదా నచ్చదు. ఆ నిర్మాతకి వినబడిన ఇబ్బంది ఏదో నిజంగా ఉండి ఉండొచ్చు, దాన్ని వెతికి సరిచేయాల్సిన మనిషి మోసంతో సరిపెట్టాడు. మీ బ్యాండ్‌లో ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లలున్నారు. స్విచ్ వల్లే టోన్ వచ్చిందని నమ్మినవాడు రేపు అలాంటి స్విచ్ ఉన్న యాంప్ కోసం, దాన్ని మార్చి ఇస్తానన్న మెకానిక్ కోసం, ఖరీదైన కరెంటు కేబుల్ కోసం డబ్బు పోస్తాడు. చేతి వల్ల వచ్చిందని తెలిసినవాడు ప్రాక్టీసు చేస్తాడు. మీ యాంప్ వెనక గ్రౌండ్ అనే అక్షరాలు చూసి, దానికి ఎర్త్ ఉందిలే అనుకునేవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. అందుకని ఆ స్విచ్‌ని ఉంచుకోండి, పక్కన చిన్న కాగితం అంటించి కనెక్షన్ లేదు అని రాయండి. యాంప్ రేపు ఎవరి చేతికి వెళ్లినా వాళ్లకి తెలియాలి.

మెకానిక్ దగ్గర్నుంచి యాంప్ తెచ్చుకునేటప్పుడు ఎర్త్ కంటిన్యుటీ రీడింగ్ బిల్లు మీదే రాయించుకోండి. డిసెంబర్‌లో క్రిస్మస్ కార్యక్రమాలకి జనరేటర్ల మీద, టెంట్‌హౌస్ వైర్ల మీద వాయించాల్సి వస్తుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అంతకుముందే తేల్చేయండి. లూపర్ పరీక్ష అన్నతో కలిసి చేస్తే ఇంకా మంచిది, ఆయనే ముందు కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. ట్రెబుల్ పరీక్షలో 16కి ఎన్ని వచ్చాయో నాకు రాయండి.